నమ్మదగని కథకుడున్న కథను విశ్లేషించడం ఎలా: 'ది టెల్-టేల్ హార్ట్' ఆధారంగా సమగ్ర మార్గదర్శి

ఉత్తమ పురుషలో సాగే కథలో 'నేను' చెప్పే మాటలను పూర్తిగా నమ్మలేమని అర్థమైన తరువాత విశ్లేషణను ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ క్రమంలో సాగించాలి అని సాహిత్య విద్యార్థులూ కథా చర్చల్లో పాల్గొనేవారూ పదే పదే అడుగుతున్నారు. ఇలాంటి కథల మీద నేను చదివిన వ్యాసాల్లో చాలా భాగం ఒకే చోట ఆగిపోతాయి: 'కథకుడికి మతి చలించింది కనుక అతని మాట నమ్మలేము.' అంతటితో పని పూర్తయిందని రాసినవారు అనుకుంటారు కానీ, అసలు పని అక్కడే మొదలవుతుంది. ఏ వాక్యం దగ్గర, ఏ కారణం చేత, ఎంత మేరకు నమ్మలేకపోతున్నామో వేలు పెట్టి చూపించగలగాలి.

ఉదాహరణగా అమెరికన్ రచయిత ఎడ్గార్ ఆలన్ పో రాసిన 'ది టెల్-టేల్ హార్ట్' తీసుకుంటున్నాను. 1843 జనవరిలో అచ్చయిన ఈ కథ పావుగంటలో చదివేయగలిగినంత చిన్నది. తనతో ఒకే ఇంట్లో ఉన్న వృద్ధుడి గదిలోకి ఏడు రాత్రులు లాంతరుతో తొంగిచూసిన కథకుడు ఎనిమిదో రాత్రి ఆయనను చంపి, శవాన్ని గది నేల పలకల కింద దాచి, సోదాకు వచ్చిన పోలీసుల ముందు కూర్చున్నప్పుడు ఆ చనిపోయిన మనిషి గుండె చప్పుడు వినిపిస్తున్నదని నమ్మి, తానే నేరం ఒప్పుకుంటాడు. తనకు మతి చలించలేదని నిరూపించడానికే ఇదంతా చెబుతున్నానంటాడు.

## 1. సిద్ధపడటం: ఏ ప్రతి చదవాలి, ఎన్నిసార్లు చదవాలి

వీలైతే మూలాన్నే దగ్గర పెట్టుకోండి. అనువాదం చెడ్డదని కాదు. మూలం తేల్చకుండా వదిలిన విషయాలను అనువాదకుడు తేల్చక తప్పదు. ఈ కథలో కథకుడు ఎవరినో 'యూ' అని సంబోధిస్తాడు. తెలుగులో అది 'నువ్వు' కావాలి, లేదా 'మీరు' కావాలి. ఏది ఎంచుకున్నా వింటున్న మనిషితో కథకుడికున్న సంబంధం నిర్ణయమైపోతుంది. చనిపోయిన వ్యక్తిని 'ముసలాడు' అంటే ఒక వైఖరి, 'పెద్దాయన' అంటే మరొక వైఖరి, 'తాత' అంటే ఏకంగా ఒక బంధుత్వం పుట్టుకొస్తాయి. మూలంలో ఆ బంధుత్వం ఏమిటో ఎక్కడా చెప్పలేదు. అనువాదం మీద మాత్రమే ఆధారపడి రాసేవారు ఇలాంటి మాటలను సాక్ష్యంగా చూపకూడదు.

కథను మూడుసార్లు చదవాలి, మూడుసార్లూ వేరు వేరు పద్ధతుల్లో చదవాలి.

- మొదటిసారి కథకుడిని నమ్మి చదవండి. అనుమానం పుట్టిన చోట పెన్సిల్‌తో చిన్న చుక్క మాత్రం పెట్టి ముందుకు సాగండి.
- రెండోసారి పేరాలకు వరుసగా అంకెలు వేసి, ప్రతి చుక్క పక్కన అనుమానం ఎందుకు కలిగిందో రెండు మూడు మాటల్లో రాయండి.
- మూడోసారి బయటికి చదవండి. ఊపిరి ఎక్కడ అందడం లేదో గమనించండి. ఈ కథకు ఇది తప్పనిసరి. కారణం నాలుగో అంచెలో కనిపిస్తుంది.

మొదటిసారే అనుమానంతో చదివేవారికి ఒక నష్టం ఉంది. కథకుడు తమను ఎలా తన వైపు లాక్కున్నాడో వారికి తెలియదు కనుక, ఆ విషయం గురించి రాయలేరు.

## 2. కథకుడు ఏం నమ్మమంటున్నాడో రాసుకోవడం

సందేహించే ముందు అతని వాదన ఏమిటో న్యాయంగా, అతని పక్షాన నిలబడి రాయాలి. ఈ కథలో ముఖ్యమైనవి ఆరు:

- తనకు పిచ్చి లేదు.
- వ్యాధి తన ఇంద్రియాలను మొద్దుబార్చలేదు, పదును పెట్టింది, ముఖ్యంగా వినికిడిని.
- జరిగినదంతా ఎంతో నిదానంగా చెప్పగలడు.
- వృద్ధుడంటే అతనికి ప్రేమ. ఆయన బంగారం మీద ఆశ లేదు.
- చంపడానికి కారణం ఆయన కన్ను: రాబందు కన్ను వంటిది, లేత నీలం రంగుది, పొర కమ్మినది.
- పోలీసులకు అంతా తెలిసిపోయింది, తెలియనట్లు నటించారు.

ఇలా రాసుకుంటున్నప్పుడే కొన్ని దొరుకుతాయి. అయిదో వాదన మూలంలో ఎలా వస్తుందో చూడండి. ఆ ఆలోచన తన మెదడులోకి మొదట ఎలా వచ్చిందో చెప్పడం అసాధ్యం అంటాడు. కోపం లేదు, ఉద్దేశం లేదు అంటాడు. ఆ తరువాత 'ఆయన కన్నే అనుకుంటాను' అంటాడు. వెంటనే, ఊపిరి తీసుకోకుండా, 'అవును, అదే!' అంటాడు. ఊహ ఒక్క గీత దాటేసరికి నిశ్చయమైంది. హత్యకు కారణం మన కళ్ళముందే, మాట్లాడుతూ మాట్లాడుతూ, అతనికి దొరికింది. 'అతను కన్ను వల్లే చంపాడు' అని రాసే వ్యాసం ఈ 'అనుకుంటాను'ను మింగేస్తుంది.

## 3. నాలుగు గడుల పట్టిక

ఒక కాగితం మీద నాలుగు నిలువు గడులు గీసి వాటికి 'చూశాడు', 'విన్నాడు', 'ఊహించాడు', 'వేరొకరు అన్నారు' అని పేర్లు పెట్టండి. కథలోని ముఖ్యమైన సమాచారమంతా ఏదో ఒక గడిలో పడాలి.

పోలీసుల ఘట్టాన్ని ఇలా విడదీస్తే, ముగ్గురు అధికారులు కూర్చున్నారు, సరదాగా కబుర్లు చెప్పుకున్నారు, నవ్వారు అన్నవి 'చూశాడు' గడిలోకి వెళ్తాయి. వాళ్ళకు వినిపించింది, అనుమానించారు, తెలుసుకున్నారు, తన భయాన్ని ఎగతాళి చేస్తున్నారు అన్నవి 'ఊహించాడు' గడిలోకి వెళ్తాయి. రాత్రి కేక విన్నానని పొరుగువాడు ఫిర్యాదు చేశాడన్నది 'వేరొకరు అన్నారు' గడిలోకి వస్తుంది. అది కూడా కథకుడి నోటి మీదుగానే వస్తున్నా, వృద్ధుడు ఒక్కసారి అరిచాడని అంతకు ముందే అతను చెప్పిన మాటతో సరిపోతున్నది కనుక దానికి కొంత బలం ఉంది.

పట్టిక పూర్తయ్యాక ఏ గడి నిండిందో చూడండి. ఈ కథలో కీలకమైన మలుపులన్నీ 'విన్నాడు', 'ఊహించాడు' గడుల్లోనే పడతాయి. 'చూశాడు' గడిలో ఉన్నవాటిని నమ్మడానికి పెద్ద అభ్యంతరం కనిపించదు. ఈ తేడాయే మీ వ్యాసానికి వెన్నెముక కాగలదు.

## 4. పగుళ్ళను వెతకడం

ఎక్కువ సమయం ఇక్కడే వెచ్చించాలి. కథకుడు తప్పు చెబుతున్నాడని కథ తనంతట తానుగా ప్రకటించదు. గోడలో నెర్రె విచ్చినట్లు కొన్నిచోట్ల మాత్రమే బయటపడుతుంది.

### 4.1 మాట ఒకటి, స్వరం మరొకటి

కథ ఎత్తుగడలోని మొదటి మాట 'నిజమే!' అనే అర్థం వచ్చేది. మనం 'నిజమే' అని ఎప్పుడంటాం? ఎదుటివారు ఏదో ఆరోపించినప్పుడు, అందులో కొంత ఒప్పుకుంటున్నప్పుడు. అంటే కథ మొదలయ్యే ముందే ఎవరో అతనిని పిచ్చివాడన్నారు, లేదా అన్నారని అతను అనుకుంటున్నాడు. ఆ మాట తరువాత వాక్యం సాఫీగా సాగదు: అడ్డగీతలు, ఆశ్చర్యార్థకాలు, 'చాలా, చాలా' వంటి రెట్టింపులు వస్తాయి. అదే పేరా చివర తాను ఎంత ప్రశాంతంగా చెప్పగలడో గమనించమంటాడు.

బయటికి చదవమన్నది ఇందుకే. కళ్ళతో చదివినప్పుడు 'ప్రశాంతంగా' అన్న పదం కనిపిస్తుంది. నోటితో చదివినప్పుడు ప్రశాంతత లేదని నాలుకకే తెలుస్తుంది. ముగింపులో 'ఇంకా గట్టిగా' అన్న మాట ఎన్నిసార్లు తిరిగి వస్తుందో లెక్కపెట్టి, ఆ అంకెను మొదటి పేరాలోని వాగ్దానం పక్కన రాసుకోండి.

### 4.2 మాటకూ మాటకూ పొత్తు కుదరకపోవడం

చీకటిలో భయంతో మూలిగిన వృద్ధుడిని చూసి జాలిపడ్డానంటాడు, అదే వాక్యంలో లోలోపల నవ్వుకున్నానంటాడు. చంపడానికి ముందు వారమంతా ఆయనతో ఎన్నడూ లేనంత ఆదరంగా ఉన్నానంటాడు. ఈ జంటలు కనిపించగానే 'అబద్ధం' అని రాయవద్దు. రెండూ నిజమే కావచ్చు. రెండూ ఒకే మనిషిలో ఉండడం వింతగా ఉందని అతనికి తోచకపోవడమే ఇక్కడ పగులు.

### 4.3 ఇతరుల మనసు తెలిసినట్లు చెప్పడం

ఎనిమిదో రాత్రి వృద్ధుడు మేలుకుని కూర్చున్నప్పుడు, 'ఇది పొగగొట్టంలో గాలే, నేల మీద ఎలుకే' అని ఆయన తనకు తాను సర్దిచెప్పుకున్నాడని కథకుడు చెబుతాడు. గదిలో చీకటి, ఇద్దరి మధ్యా మాట లేదు. ఆయన మనసులోని మాటలు ఇతనికి ఎలా తెలిశాయి? జవాబు కొద్దిగా పైన ఉంది: ఆ మూలుగు తనకు బాగా తెలుసునని, ఎన్నో అర్ధరాత్రులు అది తన గుండెలోంచే పొంగుకొచ్చిందని ఒప్పుకుంటాడు. తన భయాన్నే ఆయనకు అంటగట్టి, ఆయన భయాన్ని చదివానని అనుకుంటున్నాడు. కథ మొత్తంలో నాకు అతి ముఖ్యంగా కనిపించే చోటు ఇది. చాలా వ్యాసాలు దీనిని ప్రస్తావించకుండానే దాటిపోతాయి.

### 4.4 ఒకే పోలిక రెండుసార్లు రావడం

లాంతరు వెలుగు కన్ను మీద పడినప్పుడు అతనికి ఒక చప్పుడు వినిపిస్తుంది: లోగొంతుకతో, మందంగా, వేగంగా, దూదిలో చుట్టిన గడియారం చేసే చప్పుడులాంటిది. అది వృద్ధుడి గుండె అని అతను తేల్చేస్తాడు. చంపిన తరువాత ఆయన గుండె మీద చెయ్యి పెట్టి చాలా నిమిషాలు చూశానని, చలనం లేదని అతనే చెబుతాడు. కొన్ని పేరాల తరువాత, పోలీసుల ముందు, మళ్ళీ చప్పుడు వినిపిస్తుంది. పోలిక దాదాపు అక్షరాలా అదే: దూదిలో చుట్టిన గడియారం.

వరుసలో పెట్టి చూడండి. రెండోసారి చప్పుడు చేసినది ఆ గుండె కాజాలదు. ఆగిపోయిందని చేత్తో తాకి తెలుసుకున్నది కథకుడే. రెండు చప్పుళ్ళూ ఒకటే అయితే, మొదటిసారి వినిపించినది మాత్రం ఆ గుండేనా? ఈ ప్రశ్న వేశారంటే మీరు కథకుడి సొంత సాక్ష్యంతోనే అతని నిర్ధారణను ప్రశ్నిస్తున్నారన్నమాట. విశ్లేషణలో ఇంతకంటే గట్టి పద్ధతి లేదు.

### 4.5 చెప్పకుండా వదిలినవి

ప్రతి ఉదయం వృద్ధుడిని పేరు పెట్టి పలకరించానంటాడు. ఆ పేరు మనకు చెప్పడు. తన పేరు, వయసు, వృత్తి, ఆ ఇంట్లో ఎందుకు ఉంటున్నాడన్నది కూడా చెప్పడు. చెప్పనివన్నీ దాచినవి కావు. ఏ మౌనం కథ అర్థాన్ని మారుస్తుందో దానిని మాత్రమే వ్యాసంలోకి తీసుకోండి.

## 5. నమ్మలేనితనం ఏ రకమైనదో తేల్చడం

'నమ్మదగని కథకుడు' అన్న భావనకు 1961లో అమెరికన్ సాహిత్య విమర్శకుడు వేన్ బూత్ పేరు పెట్టాడు: కృతి మొత్తం నిలబెట్టే విలువలకు కథకుడి మాట, నడత దూరమైనప్పుడు అతను నమ్మదగనివాడు. తరువాత మరో విమర్శకుడు జేమ్స్ ఫీలన్ దీనిని మరింత పనికొచ్చేలా విడదీశాడు. కథకుడు మూడు పనులు చేస్తాడు: జరిగినది చెబుతాడు, దానికి అర్థం చెబుతాడు, దాని మంచిచెడ్డలు చెబుతాడు. ఈ మూడింటిలో దేనిలో తప్పుతున్నాడో చూడాలి.

ఈ కథకుడు పోలీసులతో అబద్ధం ఆడాడు. ఆ కేక కలలో తానే వేశానని, వృద్ధుడు ఊరికి వెళ్ళాడని చెప్పాడు. అయితే ఆ అబద్ధాన్ని మనకు తానే చెబుతున్నాడు. మనతో అతను బుద్ధిపూర్వకంగా అబద్ధం ఆడుతున్నాడనడానికి ఆధారం దొరకదు. అతను తప్పేది ప్రధానంగా అర్థం చెప్పడంలో, ఆ తరువాత మంచిచెడ్డలు తూచడంలో. పలకల కింద శవం ఉందన్న సంగతిని మనం నమ్ముతాం. ఆ చప్పుడు ఎక్కడిదన్న సంగతిని నమ్మం. ఇంత స్పష్టంగా విడదీసి రాస్తే 'అంతా అబద్ధమే' అన్న తేలిక మాటకు చోటుండదు.

## 6. ఎవరికి, ఎప్పుడు, ఎందుకు చెబుతున్నాడు

శ్రోత ఎవరో తెలియదు: వైద్యుడు కావచ్చు, న్యాయాధికారి కావచ్చు, జైలు గోడ కావచ్చు. ఒక్క శ్రోతను ఖాయం చేసి వ్యాసమంతా దాని మీద కట్టకండి. మనకు తెలిసినది ఇంతే: నేరం ఒప్పుకున్న తరువాత చెబుతున్నాడు, తన నిర్దోషిత్వం కోసం కాకుండా తన బుద్ధి స్థిరంగా ఉందని నిరూపించుకోవడానికి చెబుతున్నాడు. హత్య చేసినందుకు సంజాయిషీ ఇవ్వడు. ఎంత జాగ్రత్తగా చేశాడో వర్ణిస్తాడు. తలుపు సందులో తల దూర్చడానికి గంట పట్టిందన్నది అతని దృష్టిలో తెలివికి రుజువు. చదివేవారికి అది దేనికి రుజువుగా కనిపిస్తుందో రాయండి.

## 7. కథకుడి కథ కింద ఉన్న రెండో కథ

ఇప్పుడు చప్పుడు గురించి సాధ్యమైన వివరణలన్నీ రాసి, ఒక్కొక్కదానిని వాక్యాలతో పరీక్షించండి.

- అది కథకుడి గుండే. అనుకూలం: రెండుసార్లూ అతను తీవ్రమైన ఉద్వేగంలో ఉన్నాడు, పోలిక ఒకటే. ప్రతికూలం: ఆ చప్పుడు తన చెవుల్లో లేదని తేల్చుకున్నానని అతనే అంటాడు, ఆ తేల్చుకోవడాన్ని నమ్మాలా అన్నది వేరే ప్రశ్న.
- అది గోడలోని పురుగు. చెక్కను తొలిచే, టిక్కుటిక్కుమని చప్పుడు చేసే ఒక పురుగుకు ఇంగ్లీషులో 'డెత్ వాచ్' అని పేరు; దాని చప్పుడు మరణ సూచన అని జనం నమ్మేవారు. రాత్రుళ్ళు గోడలో ఆ పురుగుల చప్పుడు తాను వింటుండేవాడినని కథకుడు చెబుతాడు. ఆ పేరులో గడియారం కూడా ఉందన్నది తెలుగులో కనిపించదు కనుక ప్రత్యేకంగా వివరించాలి. ప్రతికూలం: చప్పుడు అంతకంతకు పెరగడాన్ని ఇది వివరించదు.
- అది అపరాధ భావన పుట్టించిన భ్రమ. రెండో చప్పుడుకు చక్కగా సరిపోతుంది. హత్యకు ముందు వినిపించిన మొదటి చప్పుడుకు అంత సులభంగా సరిపోదు.

నా మటుకు నాకు మొదటి వివరణ బలమైనదిగా కనిపిస్తుంది. కానీ కథ దీనిని మూసేయలేదు. 'కథ ఇలా నిరూపిస్తుంది' అనడానికి బదులు 'ఈ వాక్యాలు ఇటు మొగ్గు చూపుతాయి' అని రాయడం మేలు.

## 8. ప్రతిపాదన వాక్యం: వ్యాసం వాదన ఒక్క వాక్యంలో

బలహీనమైనది: 'ఈ కథలో కథకుడు పిచ్చివాడు కాబట్టి నమ్మదగనివాడు.'

కొంత మెరుగైనది: 'కథకుడి స్వరం అతని ప్రశాంతతను ఖండిస్తుంది.'

పనికొచ్చేది: 'తన భయాన్ని వృద్ధుడి మూలుగులోనూ, తన గుండె చప్పుడును వృద్ధుడి ఛాతీలోనూ వినే కథకుడు, తనను ఇతరులలో చూసుకుంటూ ఆ సంగతి గుర్తించలేకపోవడమే అతని కథనంలోని అసలైన నమ్మలేనితనం, దూదిలో చుట్టిన గడియారం అన్న పోలిక రెండుసార్లు రావడం దానికి ప్రధాన సాక్ష్యం.'

మూడోదానిని ఎవరైనా కాదనగలరు, కాదనడానికి కథలోకి తిరిగి వెళ్ళాల్సి వస్తుంది. మొదటిదానికి ఆ అవసరమే రాదు.

## 9. ఒక పేరా ఎలా నిలబడాలి

ప్రతి పేరాలో నాలుగు ఉండాలి: కథలోని మాట, అది చెబుతున్నది, అది బయటపెడుతున్నది, ఆ రెంటి మధ్య దూరం వల్ల పాఠకుడికి కలిగే ఫలితం. నాలుగోది రాయడం చాలామంది మరిచిపోతారు. ఒక నమూనా:

> శవాన్ని దాచిన చోటి మీదే కుర్చీ వేసుకుని కూర్చున్నానని కథకుడు గర్వంగా చెబుతాడు. అతని దృష్టిలో అది విజయానికి గుర్తు. కానీ ఇంటి నిండా చోటుండగా ఆ పలకల మీదే కూర్చోవాలనిపించడం, దాచినదానికి అతను దూరం కాలేకపోతున్నాడని తెలుపుతుంది. అందుకే తరువాత వచ్చే చప్పుడును పాఠకుడు బయటి నుంచి వచ్చినదిగా కాక, ఆ కుర్చీలోని మనిషి నుంచి పుట్టినదిగా వినడం మొదలుపెడతాడు.

## 10. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

రోగం పేరు పెట్టడం. కథకుడికి ఫలానా మానసిక వ్యాధి ఉందని తేల్చడానికి రెండు పేజీలు ఖర్చవుతాయి, ఒక్క వాక్యమూ విశ్లేషణకు అందదు. వ్యాధి పేరు ఉన్నచోటల్లా కొట్టేసి, ఆ స్థానంలో కథలోని వాక్యం పెట్టండి.

కథకుడినీ రచయితనూ ఒకటి చేయడం. పో జీవితంలోని కష్టాలతో ఈ గొంతును వివరించవద్దు. కథకుడికి కనిపించని పగుళ్ళను మనకు కనిపించేలా అమర్చినది రచయిత. ఆ అమరికే ఇద్దరూ వేరని చెబుతుంది.

నమ్మదగనివాడి మాటంతా తప్పనుకోవడం. ఇది అన్నిటికంటే నష్టం చేసే పొరపాటు. షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ 1892లో ప్రచురించిన 'ది యెల్లో వాల్‌పేపర్' కథకురాలిని చూడండి. గోడ కాగితం వెనక స్త్రీ పాకుతున్నదని ఆమె చెప్పేది మనం నమ్మం. వైద్యుడైన భర్త చేయిస్తున్న విశ్రాంతి చికిత్స తనకు మేలు చేయడం లేదని, పని, మార్పు తనకు మంచివని ఆమె అన్నది మాత్రం పూర్తిగా సరైనది. అక్కడ నమ్మదగినట్లు మాట్లాడే భర్తే తప్పు.

మన ఊరి అర్థాన్ని ఎక్కించడం. మూలంలోని 'ఈవిల్ ఐ' అన్న మాట చూడగానే తెలుగు పాఠకుడికి దిష్టి గుర్తుకొస్తుంది. పోలిక సహజమే, కానీ ఆ కన్ను తనకు కీడు చేసిందని కథకుడు ఎక్కడా ఒక్క ఉదాహరణ కూడా ఇవ్వడు. దిష్టి ఆచారాన్ని తెచ్చిపెడితే లేని కారణం పుట్టుకొస్తుంది. అలాగే ఇంగ్లీషులో 'కన్ను', 'నేను' అన్న రెండు మాటలూ 'ఐ' అనే పలుకుతాయి. ఇది చెప్పదగినదే, ఒక వాక్యానికి మించి బరువు మోపవద్దు.

కథాసారం రాయడం. ఏ పేరా అయినా 'తరువాత' అనే మాటతో మొదలైతే అనుమానించండి.

## 11. ఇచ్చే ముందు సరిచూసుకోవలసినవి

- కథకుడి వాదనను ఖండించే ముందు న్యాయంగా చెప్పానా?
- చెప్పడంలో, అర్థం చెప్పడంలో, తూచడంలో ఎక్కడ తప్పాడో విడదీశానా?
- నమ్మదగిన విషయాలు ఏవో కూడా రాశానా?
- ప్రతి ఆరోపణ పక్కన పేరా అంకె ఉందా?
- 'పిచ్చి' అన్న మాట నా సొంత వాక్యాల్లో ఎన్నిసార్లు వచ్చింది? మూడు దాటితే వ్యాసాన్ని మళ్ళీ చూడాలి.
- నా వివరణకు ఎదురు నిలిచే వాక్యం ఒక్కటైనా వ్యాసంలో ఉందా?
- వ్యాసం పూర్తయ్యాక కథ మొదటి పేరాను మరోసారి బయటికి చదివానా? అక్కడ నా ప్రతిపాదనకు అందని మాట ఏదైనా వినిపిస్తే, ఆ మాట దగ్గరి నుంచే రెండో ప్రతి మొదలుపెట్టాలి.